మెట్టెలు తీసిన చెయ్యి

లీలమ్మ నిద్ర లేచి వాకిట్లోకి వచ్చేసరికి కోడలు స్వరూప కళ్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. అంతవరకు బాగానే ఉంది. ముగ్గు పక్కన విడిచిన చెప్పుల జత చూసేసరికి లీలమ్మకు చిర్రెత్తుకొచ్చింది. అవి కొడుకు మల్లేశ్ చెప్పులు.

“మొగుని చెప్పులు తొడుక్కొని తిరుగుడేందే పిల్లా? నీకు చెప్పులు లేవా?”

“ఉన్నయి అత్తమ్మా. పడతలేవు. మొన్న దసరకు కొన్నయి గూడ ఇరుకైనయి.”

“చెప్పులు ఇరుకైనయా, నీ కాళ్లు పెరిగినయా? ముప్పై ఆరేండ్లకు కాళ్లు పెరుగుడు నేనెక్కడ ఇనలే.”

గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్న మల్లేశ్ పకపకా నవ్వాడు. “పెరగనియ్యే అమ్మా. రాత్రి గురక ఇన్నవా? నా డీసీఎం ఇంజనే నయం. ఆ గురకకు తగ్గట్టు మనిషి గూడ పెరగాలె గదా!”

స్వరూప కూడా నవ్వింది, కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పళ్ల మధ్య సందులు పడ్డప్పటి నుంచి ఆమెకు అది అలవాటైంది. ముగ్గు గిన్నె పట్టుకుని లోపలికి తిరగబోతూ, పక్కనే ఉన్న బకెట్‌ను కాలితో తన్నేసింది. నీళ్లన్నీ వాకిలి పాలయ్యాయి. కళ్లు నెత్తికెక్కాయా అని లీలమ్మ మళ్లీ అందుకుంది.

హాలియాలో రైసుమిల్లు వెనక వాడలో వాళ్ల ఇల్లు. మల్లేశ్ సొంత డీసీఎం వ్యానులో బియ్యం బస్తాలు తోలుతాడు. స్వరూప ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. చెయ్యి మంచిదని వాడంతా ఆమె దగ్గరికే వస్తారు. ఈ మధ్య కత్తెర పిడిలో బొటనవేలు దూరడం లేదని మగ దర్జీలు వాడే పెద్ద కత్తెర తెప్పించుకుంది. మోకాళ్ల నొప్పులకు ఒక డాక్టరు గోలీలు ఇచ్చాడు. షుగరు ఉందని ఇంకో డాక్టరు ఇంకో గోలీ ఇచ్చాడు. తలనొప్పికి కిరాణా కొట్టు గోలీ ఉండనే ఉంది. నెలసరి ఆగిపోయి ఏడాది దాటితే, కొందరికి తొందరగానే ఆగుతుందిలే అని ఇరుగుపొరుగు ఆడవాళ్లే తేల్చేశారు. ఒక్కో బాధకు ఒక్కో కారణం దొరికింది కాబట్టి, అన్నీ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు.

మల్లేశ్ బండి తీసుకుని వెళ్లాక స్వరూప అత్త దగ్గరికి వచ్చి కుడికాలు ముందుకు చాపింది.

“అత్తమ్మా, మెట్టె లోపలికి దిగబడ్డది సూడు. నిన్నటి సంది సలుపుతాంది. ఒక్క నెల తీసి పెడ్త.”

రెండోవేలు ఉబ్బి, వెండి మెట్టె కండలోకి దిగి, చుట్టూ చర్మం ఎర్రగా కమిలి ఉంది. లీలమ్మకు జాలేసింది. అయినా తల అడ్డంగా ఊపింది.

“ఆ మాటొక్కటి అనకు బిడ్డా. మొగడు రోడ్డు మీద బతికేటోడు. కొబ్బరినూనె రాస్త ఆగు. ఈ ఐతారం అవుసలాయన తానికి పోయి ఇంకింత వదులు చేపిచ్చుకొస్త.”

“ఇప్పటికి మూడుసార్లు చేపిచ్చినవ్.”

“నాలుగోసారి చేపిస్త. ఏం పాయె?”

లీలమ్మ భర్త కాటమయ్య ఎనిమిదేళ్ల కిందట నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీ కింద పడి పోయాడు. పదోరోజున వాడలోని ముసలివాళ్లు ఆమెను కూర్చోబెట్టి గాజులు, మెట్టెలు తీసేశారు. ఒకామె భుజాలు పట్టుకుంది, ఒకామె కాలు పట్టుకుంది. ఆ పట్టు ఆమెకు ఇంకా గుర్తే. అప్పటి నుంచి కోడలి కాళ్లకు మెట్టెలు కనబడితే కొడుకు క్షేమంగా ఉన్నట్టే ఆమెకు లెక్క. కంసాలి దగ్గర వదులు చేయించి తెచ్చినప్పుడల్లా పక్కింటి శోభను పిలిచి కోడలికి పెట్టించేది. శోభ పసుపుకుంకుమలతో ఉన్న మనిషి. తన చెయ్యి వాటి మీద పడకూడదని లీలమ్మ వాటిని గుడ్డలో చుట్టే తెచ్చేది, గుడ్డలో చుట్టే శోభకు ఇచ్చేది.

ఆ మధ్యాహ్నం బస్సులో స్వరూప చెల్లెలు మంజులత దిగింది. వీళ్ల పుట్టిల్లు నారాయణపేట. మంజులత, ఆమె భర్త మగ్గం పనికని భివండీ వెళ్లి ఆరేళ్లయింది. ఇప్పుడు తిరిగి వచ్చేశారు. ఇన్నాళ్లూ అక్కాచెల్లెళ్లు ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లు కానీ, మొహం చూపించవే అక్కా అంటే స్వరూప సిగ్నల్ లేదని తప్పించుకునేది.

తలుపు తీసే ఉంది. మిషను దగ్గర కూర్చున్న మనిషిని చూసి మంజులత గడప దగ్గరే ఆగింది.

“అమ్మా, స్వరూపక్క ఇల్లు గిదేనా?”

మిషను ఆగిపోయింది. స్వరూప లేచి నిలబడింది. 

“నేనేనే మంజులా.”

ఆ గొంతు కూడా మంజులత ఎరిగిన గొంతు కాదు. ఫోన్‌లో జలుబనుకుంది ఇన్నాళ్లూ. సంచి కింద పడేసి అక్కను పట్టుకుని బోరుమంది. వంటింట్లోంచి వచ్చిన లీలమ్మకు మొదట ఏడుపెందుకో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమెకు కోపమే వచ్చింది.

“అయ్యో, ఏమైందని గా ఏడుపు? వయసు మీద పడుతుంటే మనిషి జర మారదా?”

“జర కాదు అత్తమ్మా.” మంజులత ఫోన్‌లో తన పెళ్లినాటి ఫొటో తీసి చూపించింది. పక్కన నిలబడ్డ స్వరూప సన్నగా, కోలమొహంతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. “నువ్వు రోజూ సూస్తున్నవు గనుక నీకు కనవడలే. సొంత చెల్లెను, నేను గుర్తుపట్టలే. గడ్డం చూడు, ముక్కు చూడు, చేతులు చూడు. ఇది వయసు కాదు, ఏదో బీమారి.”

లీలమ్మ ఫొటో వంక, కోడలి వంక మార్చి మార్చి చూసింది. పొద్దున తాను అన్న మాటలు ఆమెకు గుర్తొచ్చాయి.

రెండు రోజుల తర్వాత మల్లేశ్ అందరినీ నల్లగొండ తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ నాడి చూద్దామని స్వరూప చెయ్యి పట్టుకుంది. నాడి చూడటం అయిపోయినా ఆ చెయ్యి వదల్లేదు. వేళ్లు విడదీసి చూసింది, పళ్లు చూసింది, నాలుక చాపమంది.

“ఎన్నాళ్ల నుంచి చేతులు, కాళ్లు పెద్దవవుతున్నాయి?”

స్వరూప భర్త వైపు చూసింది. మల్లేశ్ నేల చూపులు చూశాడు. రోజూ పక్కన పడుకునే మనిషికే తెలియలేదు.

“నాకెరుక,” అంది లీలమ్మ. “మెట్టెలు మూడుసార్లు వదులు చేపిచ్చిన. మావోడు కొత్త బండి కొన్నప్పుడు ఒకసారి. కరోనా పోయినంక ఒకసారి. పోయిన బతుకమ్మకు ఒకసారి.”

“అంటే ఐదారేళ్లుగా పెరుగుతోంది.” డాక్టరమ్మ రాసుకుంది. “పెద్దమ్మా, ఈ జబ్బును అందరికంటే ముందు చూసింది మీరేనన్నమాట.”

డాక్టరమ్మ మంచిగానే అంది. కానీ ఆ మాట లీలమ్మకు చెంపదెబ్బలా తగిలింది. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ కూర్చుని తిని బలుస్తోందని సాధించింది.

డాక్టరమ్మ అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. మెదడు కింద, ముక్కు వెనక, శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. మనిషి పెరగడానికి కావాల్సిన రసం అక్కడి నుంచే వస్తుంది. ఆ గ్రంథిలో గడ్డ లేస్తే ఆ రసం అవసరం లేకపోయినా ఊరుతూనే ఉంటుంది. పెద్దవాళ్లు ఎత్తు పెరగరు కాబట్టి చేతులు, కాళ్లు, దవడ పెరుగుతాయి. షుగరు, నొప్పులు, గురక, నెలసరి ఆగడం, అన్నీ దాని వల్ల వచ్చినవే కావచ్చు. “ఇవి సాధారణంగా క్యాన్సర్ గడ్డలు కావు. భయపడకండి. కానీ పైకి పెరిగితే కంటినరాల మీద ఒత్తిడి పడుతుంది. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి రాసిస్తాను, ఆలస్యం చేయకండి.”

హైదరాబాద్‌లో పరగడుపున చక్కెర నీళ్లు తాగించి, మధ్య మధ్య రక్తం తీసి చూశారు. చక్కెర పడితే తగ్గాల్సిన ఆ రసం స్వరూపకు తగ్గనే లేదు. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో తేలాలంటే తలకు స్కానింగ్ తీయాలన్నారు. ఇచ్చిన తేదీ పై వారానికి ఉంటే, ఎవరి వంతో ఖాళీ అయిందని ఫోన్ చేసి రేపే రమ్మన్నారు. మల్లేశ్ అప్పటికే విజయవాడ లోడు మీద ఉన్నాడు. మీరు పోండి, నేను అటు నుంచి అటే వస్తానన్నాడు. లీలమ్మ, మంజులత కలిసి స్వరూపను బస్సెక్కించారు.

పుస్తెలతాడు తీయమంటారని లీలమ్మకు ముందే తెలుసు. అందుకని పసుపుకొమ్ము కట్టిన దారం సంచిలో పెట్టుకొచ్చింది. మంజులత చేత అది కోడలి మెడలో కట్టించాకే పుస్తెలు తీయించింది. మెట్టెల సంగతి ఆమెకు తట్టలేదు. కాళ్లు బయటే ఉంటాయి కదా అనుకుంది.

“కాళ్లవి కూడా తీయాలమ్మా,” అంది సిస్టరు. “లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు.”

“తలకు తీసే ఫొటోకు కాళ్ల మెట్టెలు ఏమడ్డం?” అంది లీలమ్మ.

“మనిషి మొత్తం లోపలికి పోతుందమ్మా.”

సిస్టరు సబ్బునీళ్లు పోసి లాగి చూసింది. స్వరూప పళ్లు బిగబట్టింది. మెట్టె కదల్లేదు. ఉంగరాలు కోసే చిన్న కటింగ్ ప్లేరు లాంటిది ఉందని, దాంతో కోసేస్తే నిమిషం పని అని సిస్టరు అంది. కోయడం అన్న మాట వినగానే లీలమ్మ కోడలి కాళ్లకు అడ్డం కూర్చుంది.

“మావోడు రోడ్డు మీదున్నడు. వాడు ఫోన్ ఎత్తేదాక తియ్యనియ్య.”

మంజులత ఫోన్ చేసింది. మల్లేశ్ ఫోన్ ఆగిపోయి ఉంది. మళ్లీ చేసింది, అదే మాట. లీలమ్మ మొహం పాలిపోయింది. కాటమయ్య పోయిన రోజు కూడా ఆయన ఫోన్‌కు ఎంతసేపు చేసినా ఎవరూ ఎత్తలేదు.

“అత్తమ్మా, ఛార్జింగ్ అయిపోయి ఉంటది. బావకేం గాదు.”

“నీకేం ఎరుక? నువ్వు చూసినవా? ఇయ్యాల వద్దు. ఇంకోనాడు వత్తం. స్వరూపా, లే బిడ్డా.”

వెనక వరుసలో ఉన్నవాళ్లు సణగడం మొదలుపెట్టారు. ఈ వంతు పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేనని సిస్టరు అంది. స్వరూప లేవలేదు. పదహారేళ్ల కాపురంలో అత్త మాటకు ఎదురు చెప్పని మనిషి, తల ఎత్తి అత్త కళ్లలోకి చూసింది.

“ఒక్కమాట అడుగుత అత్తమ్మా, కోపానికి రాకు. మామ పోయిననాడు నీ కాళ్లకు మెట్టెలు ఉన్నయా, లేవా?”

లీలమ్మ చూపు తన ఒట్టి కాలివేళ్ల మీదికి వెళ్లింది.

“ఉన్నయి. నేను సూసిన గద. తానం చేసేటప్పుడు గూడ నువ్వు తియ్యకపోతివి. గంత పానంగ కాపాడుకున్నవు. అవి ఉండంగనే గదా మామ పోయింది? ఆయన పోయినంక గదా అవి పోయింది?”

“అక్కా, ఊకో,” అంది మంజులత భయంగా.

“ఊకోను. నాకు రెండు దిక్కుల చూపు తగ్గుతాంది మంజులా. ఎవలకు చెప్పలే. సూది కనవడతది గని పక్కన పెట్టిన కత్తెర కనవడది. బకెట్లు తన్నుకునేది గందుకే. కండ్లు పోతే నేనేం కుట్టాలె? ఏం చేసి బతకాలె? ఆయనకేమన్న అయితదని నీకు భయం. నాకేమన్న అయితదని ఎవలకు భయం?”

 లీలమ్మ అలాగే కూర్చుని కోడలి కాలు చూసింది. వేలి చుట్టూ ఎరుపు కాస్తా ఇప్పుడు నల్లబడింది. ఈ కాలికి తాను ప్రతిరోజూ నూనె రాసింది. నొప్పి ఎంతుందని ఒక్కరోజూ అడగలేదు. తన కాళ్లు పట్టుకుని మెట్టెలు లాగిన ఆడవాళ్లు ఆ రోజు తన మొహం వైపు చూడలేదని ఇన్నేళ్లూ కుములుతూనే ఉంది. తాను మాత్రం కోడలి మొహం ఎప్పుడు చూసిందని?

ఆమె పక్కకు జరిగి సిస్టరుకు జాగా ఇచ్చింది.

“తియ్యి బిడ్డా. నేను పట్టుకుంట.”

“నువ్వెందుకు అత్తమ్మా, నేను పట్టుకుంటలే,” అంది మంజులత.

“వద్దు. తీసేదానికైతే నా చెయ్యి పనికొస్తది.”

ఆమె కోడలి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, మడమ కింద చెయ్యి వేసి మెల్లగా పట్టుకుంది. కోసిన చోట మెట్టె విచ్చుకుంటే, సిస్టరు వద్దంటున్నా తానే రెండు వేళ్లతో పట్టి వెడల్పు చేసి బయటికి తీసింది. రెండో కాలిది కూడా అలాగే తీసింది. వేళ్ల మీద పడ్డ గాడి చూసి ఆమె కళ్లనీళ్లు ఆగలేదు. “నొచ్చిందా బిడ్డా?” అని అడిగింది. స్వరూప లేదని తల ఊపి, ఆ తర్వాత అవునని ఊపింది.

స్వరూప లోపల ఉండగానే మల్లేశ్ నుంచి ఫోన్ వచ్చింది. ఛార్జింగ్ అయిపోయిందట, సూర్యాపేట దగ్గర హోటల్‌లో పెట్టుకున్నాడట. లీలమ్మ ఫోన్ లాక్కుంది.

“ఒరేయ్, మెట్టెలు తీసినం రా.”

“తీస్తే తీసినవ్ తియ్యే. స్వరూప ఎట్లున్నది?”

లీలమ్మకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. “మంచిగున్నది. నువ్వు జర మెల్లగ రా,” అంది.

గడ్డ రేగుపండంత ఉందని, కంటినరాన్ని పైకి నెడుతోందని స్కానింగ్‌లో తేలింది. చూపు పరీక్ష చేస్తే రెండు కళ్లకూ బయటి వైపు మసకబారిందని తెలిసింది. పుర్రె కోయాల్సిన పని లేదని, ముక్కు రంధ్రంలోంచి సన్నటి గొట్టంతో చేరి గడ్డ తీస్తామని ఆపరేషన్ చేసే డాక్టరు చెప్పాడు. ముక్కులోంచి మెదడు దాకా ఎట్లా పోతారు సారూ అని మల్లేశ్ మూడుసార్లు అడిగాడు. డాక్టరు మూడుసార్లూ బొమ్మ గీసి చూపించాడు.

ఆపరేషన్ అయ్యాక స్వరూప ముక్కులో దూది పెట్టుకుని నోటితో గాలి పీలుస్తూ పడుకుంది. తుమ్మకూడదు, చీదకూడదు, వంగకూడదు. తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి చెప్పాలి. ముక్కులోంచి నీళ్లలా కారితే వెంటనే పిలవాలి. ఆ కాపలా అంతా లీలమ్మ తీసుకుంది. కోడలు కొంచెం తుమ్ము మొహం పెడితే చాలు, “నోరు తెరువు, నోరు తెరువు” అని వార్డంతా వినబడేలా అరిచేది. కళ్లకట్టు లాంటిదేమీ లేకపోయినా, చూపు రాలేదేమోనన్న భయంతో స్వరూప రెండు రోజులు కళ్లు మూసుకునే ఉంది. మూడో రోజు కళ్లు తెరిచి, మంచం పక్కన స్టూలు మీద ఉన్న గ్లాసును తల తిప్పకుండానే అందుకుంది.  మల్లేశ్ బయటికి వెళ్లి చాలాసేపటికి తిరిగి వచ్చాడు.

ఇంటికొచ్చి నెలలు గడిచాయి. వేళ్ల వాపు తీసింది. షుగరు గోలీ సగమైంది. గురక లేక తనకు నిద్ర పట్టడం లేదని మల్లేశ్ వాడంతా చెప్పుకున్నాడు. ఆ రసం ఇంకా కొద్దిగా ఎక్కువే ఉందని నెలకో సూది రాశారు. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి రాదన్నారు.

“పాత మొకం ఇగ రాదంట అత్తమ్మా,” అంది స్వరూప ఒకరోజు అద్దం ముందు నిలబడి.

“రాకుంటే రాకపాయె. గీ మొకమే మాకు అలవాటైంది,” అంది లీలమ్మ.

ఆ సాయంత్రం లీలమ్మ అవుసలాయన దగ్గరి నుంచి గుడ్డలో చుట్టిన మెట్టెలు తెచ్చింది. కోసిన వెండినే కరిగించి, కింద అతకకుండా తెరిచే ఉంచి, ఎప్పుడంటే అప్పుడు వదులు చేసుకునేలా చేయించింది. ముందు గదిలో మిషను మీద పెట్టింది.

“పెట్టుకోమంటలేను. పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో. లేకుంటే పెట్టెల ఉండనియ్యి. పెట్టుకుంటానంటే చెప్పు, శోభను పిలుస్త.”

స్వరూప కుడుతున్న జాకెట్ పక్కన పెట్టి, గుడ్డ విప్పి మెట్టెలు చూసింది. వేళ్ల మీది గాడి మాని, తెల్లటి మచ్చ మిగిలింది. ఆమె అత్తకు ఎదురుగా కూర్చుని కాలు ముందుకు చాపింది.

“శోభక్కను పిలవకు. నువ్వే పెట్టు.”

లీలమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. “నా చెయ్యి వద్దు బిడ్డా. నీకెరికె గద.”

“ఎరికె. తీసిననాడు నీ చెయ్యే గద పట్టుకున్నది. తీసిన చెయ్యే పెట్టాలె. లేకుంటే నాకొద్దు.”

 లీలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని కింద కూర్చుంది. కోడలి పాదం ఒళ్లోకి తీసుకుంది. ఆసుపత్రిలో తీసిన రోజు తప్ప ఎనిమిదేళ్లుగా గుడ్డలో చుట్టే ముట్టుకున్న వెండిని ఒట్టి వేళ్లతో పట్టుకుంది. మెట్టె వేలికి ఎక్కించబోతూ ఆగి, తల ఎత్తి కోడలి మొహం చూసింది.

“నొస్తే చెప్పు,” అంది.

“నొస్తలేదు అత్తమ్మా,” అంది స్వరూప, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వి.